గోడ అవతలి వెల్డింగ్ షాపు

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం నాలుగున్నరకి ఫోన్‌కి ఒక ఫారం వచ్చింది. ఐదున్నరకల్లా నింపి పంపాలి. బడిలో ఒకేషనల్ చదువు, అంటే వృత్తివిద్య, ఎలా నడుస్తోందని ఇరవై రెండు ప్రశ్నలు. ట్రేడులెన్ని, పిల్లలెంతమంది, ల్యాబుందా, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది. (తాళం ప్రశ్న పెట్టినవాళ్ళెవరో అనుభవం ఉన్నవాళ్ళే.) పదిహేడో ప్రశ్న, పరిశ్రమలతో అనుసంధానాలు ఎన్ని అని. సున్నా వేశాను. ఫారం ముందుకు కదల్లేదు. సున్నా తీసుకోదట. ఈ ఫారాలు చూసే కుర్రాడికి ఫోన్ చేస్తే "ఒకటి వేసెయ్యండి మేడం, అందరూ అదే వేస్తున్నారు" అన్నాడు.

వేసేశాను. వేస్తున్నప్పుడే బడి వెనక గోడ అవతల గ్రైండర్ మోగుతోంది. అక్కడ గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంది. నా తొమ్మిదో తరగతి కుర్రాళ్ళిద్దరు బెల్లు కొట్టగానే గోడ దూకి అక్కడికే వెళ్ళేవాళ్ళు. రాత్రి ఏడింటిదాకా అక్కడే. వాళ్ళకీ ఆ షాపుకీ ఉన్నది అనుసంధానం కాదు, ఎందుకంటే దానికి కాయితం లేదు. నేను వేసిన ఒకటికి కాయితం ఉంది, కానీ అది ఎక్కడా లేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అబద్ధం రాసినందుకు కాదు, ఇలాంటివి ఇదివరకూ రాశాను. నిజం అంత దగ్గరలో, గోడ మందం దూరంలో పెట్టుకుని అబద్ధం రాశానని.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. సర్కారు హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా సోషల్ చెప్తున్నాను. ఆరేళ్ళ కిందట హెడ్మాస్టరు గారు పిలిచి "మీకు ఊళ్ళో అందరూ తెలుసు కదా" అని ఒకేషనల్ ఇన్‌ఛార్జి పని కూడా నాకే ఇచ్చారు. పీరియడ్ ఒక్కటీ తగ్గలేదు. ఊళ్ళో అందరూ తెలిసి ఉండడం ఈ పనికి అర్హత అని ఆయన సరదాకి అన్నారో నిజంగా అన్నారో గానీ, ఈ ఆరేళ్ళలో నేను తేల్చుకున్నది అదే. ఒకేషనల్ చదువు మన బడుల్లో చతికిలపడడానికి మాస్టర్లు లేకపోవడమో, కంప్యూటర్లు లేకపోవడమో, పిల్లలకి ఇష్టం లేకపోవడమో కారణం అంటారు. అవన్నీ కొంతకొంత ఉన్నాయి. అసలు లేనిది అతికేవాడు. బడినీ షాపునీ, పుస్తకాన్నీ పిల్ల మాట్లాడే భాషనీ, ఈ రాష్ట్రాన్నీ పక్క రాష్ట్రాన్నీ అతికే పని ఒకటుంది. దాన్ని మనం పనిగా లెక్కపెట్టడం లేదు. ఎవరో ఒకరి నెత్తిన అదనంగా పెడుతున్నాం.

గోడ అవతలి ఆ వెల్డింగ్ షాపతన్ని ఒకసారి బయట కనిపిస్తే అడిగాను, మా దగ్గర సర్టిఫికెట్ తీసుకున్న కుర్రాడొస్తే పనిలో పెట్టుకుంటావా తమ్ముడూ అని. నవ్వేశాడు. "కాయితం ఎందుకు టీచరు గారూ, అతుకు చూపించమనండి" అన్నాడు.

గడువుల చరిత్ర

ఈ చదువు కొత్తదేం కాదని మీకు తెలుసు. 1937లో వార్ధాలో గాంధీ గారు నయీ తాలీం (చేతిపనితో చదువు) అన్నప్పట్నుంచీ మనం మొదలుపెడుతూనే ఉన్నాం. 1986 జాతీయ విద్యా విధానం ప్లస్ టూ పిల్లల్లో 1990 కల్లా 10 శాతం, 1995 కల్లా 25 శాతం ఒకేషనల్ వైపు వస్తారంది. 2020 విధానం 2025 కల్లా కనీసం 50 శాతం మందికి ఈ చదువు రుచి చూపిస్తామంది. 2025 వచ్చింది, వెళ్ళింది. గడువు దాటినప్పుడల్లా శాతం రెట్టింపవుతోంది. మా ఇంట్లో చీటీ డబ్బుల విషయంలో నేనూ ఇలాగే చేస్తాను కాబట్టి పెద్దగా ఏమీ అనలేను.

ప్రతి ట్రైనింగ్‌లోనూ ఒక స్లైడ్ చూపిస్తారు. 2020 విధానం పుస్తకంలోంచే తీసింది. 19 నుంచి 24 ఏళ్ళ వయసులో పనిచేసేవాళ్ళలో పద్ధతిగా వృత్తివిద్య అందుకున్నవాళ్ళు మన దేశంలో 5 శాతం కంటే తక్కువ. అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96. ఈ స్లైడ్ వచ్చినప్పుడల్లా అందరూ ఒకసారి నిట్టూరుస్తారు, తర్వాత టీ వస్తుంది. జర్మనీలో ఆ 75 ఊరికే రాలేదు. అక్కడ కుర్రాడికీ కంపెనీకీ జరిగే ఒప్పందాన్ని నమోదు చేసేదీ, చివర పరీక్ష పెట్టేదీ వ్యాపారుల, చేతిపనివాళ్ళ చాంబర్లే, అంటే వాళ్ళ సంఘాలే. అంటే అతికే పనికి ఒక సంస్థ, ఒక జీతం, ఒక కుర్చీ ఉన్నాయి. మా బడిలో ఆ కుర్చీలో నేనున్నాను, ఏడో పీరియడ్ తర్వాత.

మహేంద్రగిరి మీద పద్నాలుగు మంది

మా బడికి రెండు ట్రేడులు. ఐటీ ఒకటి, ట్రావెల్ అండ్ టూరిజం ఒకటి. మమ్మల్ని అడిగి ఇచ్చినవి కావు. టూరిజం అనగానే మా స్టాఫ్ రూమ్‌లో నవ్వుకున్నారు, పర్లాకిమిడికి ఎవడొస్తాడని. నాకు మాత్రం ఇది కుదిరే ట్రేడే అనిపించింది. మహేంద్రగిరి మా జిల్లాలోనే ఉంది కదా.

శిక్షణ ఇచ్చే అబ్బాయి కటక్ వైపు వాడు. బయటి ఏజెన్సీ ద్వారా ఏడాది కాంట్రాక్టు మీద వచ్చాడు. మంచివాడు, కష్టపడేవాడు, కానీ పుస్తకం దాటి వెళ్ళడు. క్లాసులో స్టార్ హోటల్ రిసెప్షన్ రోల్ ప్లే చేయించేవాడు. హోటల్ గది లోపలెలా ఉంటుందో ఎప్పుడూ చూడని పిల్లలు "గుడ్ ఈవినింగ్ సార్, వెల్కమ్" అంటుంటే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. ఆ ఏడాది శివరాత్రికి, పదో తరగతికి పరీక్షలు కాబట్టి, తొమ్మిదో తరగతి పిల్లల్ని పద్నాలుగు మందిని తీసుకుని అతనూ నేనూ మహేంద్రగిరి వెళ్ళాం. జీపుకి నా డబ్బే. బిల్లు పెడితే ఏ పద్దు కింద అని అడిగారు.

అక్కడ ఆ పిల్లలు చేసింది చూస్తే మీరు నమ్మరు. యాత్రికుల్లో చాలామంది శ్రీకాకుళం వైపు వాళ్ళు. పోలీసులు, వాలంటీర్లు ఒడియా. కొండ మీద కట్టెలు, దుంపలు అమ్మేది సవర గిరిజనులు. మా పిల్లలకి మూడు భాషలూ వస్తాయి, ఎవరూ నేర్పకుండానే. టెక్కలి నుంచి వచ్చి గుంపులోంచి తప్పిపోయిన ఒక ముసలమ్మని ఒక పిల్ల పట్టుకుంది. ఆమె దగ్గర తెలుగులో వివరం రాబట్టి, పోలీసుకి ఒడియాలో చెప్పి, మైకులో పిలిపించి, ఆమె మనుషులకి అప్పజెప్పి వచ్చింది. "ఆమె ఊరి పేరు తప్పు చెప్తోంది దిదీ, యాస బట్టి కనిపెట్టాను" అంది. (ఇక్కడ లేడీ టీచర్లని ఒడియా పద్ధతిలో దిదీ అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలూ అంతే.)

కొన్నాళ్ళకి అసెస్‌మెంట్ వచ్చింది. బయటి నుంచి ఒకాయన ట్యాబ్ పట్టుకుని వచ్చి ఒక్క పూటలో అందర్నీ పరీక్షించారు. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లో. ఐటినరరీ (ప్రయాణ ప్రణాళిక) అంటే ఏమిటి? ఆ పిల్ల చెప్పలేకపోయింది. దానికి అందరికంటే తక్కువ మార్కులొచ్చాయి. నేను అసెసర్ని తప్పుపట్టను. ఆయన చేతిలో ఉన్నది అదే. కొండ మీద జరిగింది ఆయన ట్యాబ్‌లోకి చేర్చే పని నాది, నేను చేర్చలేదు. ఎలా చేర్చాలో ఎక్కడా లేదు.

ఇదే ఊళ్ళో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. అది వందేళ్ళ పైమాట. ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు కూడా ఆయనే చేశారు. ఏటా ఆగస్టు 29న మా వీధుల్లో ఆయన ఫొటోకి దండ వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం. మర్నాడు టూరిజం పుస్తకం తెరిచి, సవర పిల్లకి తెలుగు టీచరు ఒడియా బడిలో ఇంగ్లీషు మాట హిందీలో వివరిస్తాం.

అయినా ఒక అనుమానం

ఇంతదాకా చదివినవాళ్ళలో కొందరికి ఒళ్ళు మండి ఉంటుంది. పేద పిల్లల్ని వెల్డింగ్ షాపుకి పంపడమేనా చదువంటే, నీ పిల్లల్ని పంపావా అని. పంపలేదు. మా అబ్బాయి ఇంజినీరింగ్ చదివాడు. ఈ ప్రశ్నకి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు.

మా ఊరు కొమ్ము పనికి పేరుపడింది. గేదె కొమ్ముని వేడి చేసి, వంపు తీసి, చెక్కి, నునుపు పట్టించి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. చేసేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. అలాంటి ఇంటికి ఒకసారి వెళ్ళాను, వారానికి ఒక పూట బడికొచ్చి పిల్లలకి చూపించమని అడగడానికి. ఆ పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను. ఆయన కొడుకు మా బడిలోనే తొమ్మిది. అంతా విని ఆయన అన్నాడు, "మా గుంటడికి కొమ్ము గీకడం నేర్పడానికి బడెందుకమ్మా? అది మా అరుగు మీదే ఉంది. ఆడ్ని బడికి పంపిందే దీన్ని తప్పించడానికి." ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ గారు బడి వేళలు సగానికి తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు. మరుసటి ఏడే ఆ పథకం పోయింది. పోవలసిందే. పర్లాకిమిడి అప్పటికే మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసి పదిహేడేళ్ళయింది గానీ, ఆ భయం ఇక్కడి అరుగుల మీద కూడా ఉంది. బాబాయ్‌కి రాజాజీ పేరు తెలియకపోవచ్చు. విషయం మాత్రం నాకంటే బాగా తెలుసు.

చట్టం సంగతి ఇంకో చిక్కు. 14 లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. 14 నుంచి 18 మధ్య వాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. 2016లో చట్టం మార్చినప్పుడు, బడి వేళలు అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయం చెయ్యొచ్చని సందు వదిలారు. ప్రమాదం ఏదన్నది చట్టం ఒక జాబితాగా చెప్తుంది, కళ్ళు ఇంకోలా చెప్తాయి. గోడ దూకే కుర్రాళ్ళలో ఒకడు ఒక రోజు కళ్ళు ఎర్రగా వాచిపోయి వచ్చాడు. నల్లద్దం లేకుండా వెల్డింగ్ మంట చూశాడట. రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టుంది దిదీ అన్నాడు.

ఆ రోజే నేను మొదటిసారి ఆ షాపు లోపలికి వెళ్ళాను. ఆరేళ్ళుగా దాని చప్పుడు వింటూ, ఒక్కసారీ వెళ్ళలేదు. తిట్టడానికే వెళ్ళాను. అతను బల్ల వేసి కూర్చోబెట్టాడు. తనూ పదమూడో ఏట విశాఖపట్నంలో ఇలాగే నేర్చుకున్నానని, తన ఎడమ కన్ను సాయంత్రమయ్యేసరికి మసకబారుతుందని చెప్పాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం, నోటిమాట మీద. కుర్రాళ్ళు మంట పట్టరు. కొలతలు తీస్తారు, కోతకి గీతలు గీస్తారు, ఎస్టిమేట్లు వేస్తారు. ఆరింటికి ఇంటికి పంపాలి. పరీక్షల నెలలో అసలు రానివ్వకూడదు. కళ్ళజోళ్ళు రెండు నేను కొనిస్తాను, మంటకి దూరంగా ఉన్నా పెట్టుకోవాలి. గ్రిల్‌కి ఎన్ని అడుగుల ఇనప పట్టీ పడుతుంది, బరువెంత, రేటెంత అని వాళ్ళు వేసిన లెక్కలు ఇప్పుడు మా లెక్కల సారు క్లాసులో వాడుతున్నారు, నాకు చెప్పకుండానే మొదలుపెట్టారు.

అందుకే నా అనుమానం తీరకపోయినా అభిప్రాయం మారలేదు. మేం పట్టించుకోకపోతే ఆ కుర్రాళ్ళు పని మానెయ్యరు. గోడ దూకి వెళ్తూనే ఉంటారు, నల్లద్దం లేకుండా. కొమ్ము పనివాళ్ళ అబ్బాయిని అరుగు మీదికి తిరిగి తోయడం నా పని కాదు. వెల్డింగ్ కుర్రాడికి ఇంజినీరింగ్ దారి మూసెయ్యడమూ కాదు. ఎవరికి ఏది అతుకుతుందో వీధుల్లో తిరిగి చూసేవాడు కావాలి. దాన్ని గూగుల్ ఫారం చెయ్యలేదు.

మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ఉన్నారు, నాకంటే సీనియర్. "మనం ఉపాధ్యాయులం, దళారులం కాదు" అంటారు. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. ఆయన భయం అబద్ధం కాదు కూడా. రేపు షాపులకి చవగ్గా చేతులు సరఫరా చేసే బడి అయిపోవచ్చు మాది. ఆ అతికే మనిషి బడి తరఫు మనిషి అయ్యుండాలి, పిల్ల వైపు నుంచి బేరమాడాలి అంటాను నేను. ఆయన ఒప్పుకోలేదు. ఇద్దరం ఒకే ఆటోలో ఇంటికి వెళ్తాం, దారంతా ఇదే.

నదికి అటు ఇటు

మా ఊరు సరిహద్దు మీద ఉంది. నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం, నడిచి వెళ్ళేంత దూరం. సగం మంది పిల్లలకి అమ్మమ్మ ఊరు ఆంధ్రలో. మా కొండల్లో పండే జీడిగింజలు పలాస వెళ్ళి పప్పవుతాయి. పలాసలో ఇంటికో జీడి కార్ఖానా అన్నట్టుంటుంది. అక్కడ గింజ కాల్చడం, పగలగొట్టడం, పప్పు రకాలుగా వేరుచెయ్యడం, ప్యాకింగ్, లెక్కలు, లారీలు, అన్నీ ఉన్నాయి. మా పిల్లలకి ఇరవై ట్రేడులకి సరిపడా పాఠం. తీసుకెళ్తానని అర్జీ పెట్టాను. రాష్ట్రం బయటికి విద్యార్థుల్ని తీసుకెళ్ళాలంటే పై అనుమతి కావాలి, జిల్లా లోపలే ఏదైనా చూసుకోండి అని జవాబొచ్చింది. లేదంటే బరంపురం వెళ్ళమన్నారు. బరంపురం వంద కిలోమీటర్ల పైమాటే. పలాసకి గుణుపురం రైలెక్కి నౌపడ మీదుగా పోవచ్చు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేసినప్పుడు ఏ రాష్ట్రమని రాజావారిని ఎవరూ అడగలేదు, అప్పుడు మధ్యలో రాష్ట్రాల సరిహద్దే లేదు కాబట్టి.

తప్పంతా పైవాళ్ళదే అనడం తేలిక. ఊరి శివార్లలోనే సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఉంది, నైపుణ్య శిక్షణకి పేరున్నది. 2010 నుంచీ ఉంది. మా పిల్లలు దాని గేటుని బస్సులోంచి చూస్తారు. మేం వెళ్ళి మా వాళ్ళకి ఒక రోజు మీ వర్క్‌షాప్ చూపిస్తారా అని ఎప్పుడూ అడగలేదు. నేనే అడగలేదు. దానికి ఏ అనుమతీ అక్కర్లేదనుకుంటాను. ఒక ఖాళీ పూట కావాలి, అదే నా దగ్గర లేదు.

మా పిన్ని కూతురు అమెరికాలో ఒక పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో సరిగ్గా ఇదే ఉద్యోగం చేస్తుంది. పూర్తి ఉద్యోగం, దానికే జీతం. అక్కడ 2018లో సవరించిన పెర్కిన్స్ అనే వృత్తివిద్య చట్టం ప్రకారం, కేంద్రం డబ్బు తీసుకునే ప్రతి చోటా కనీసం రెండేళ్ళకోసారి స్థానిక అవసరాలేమిటో లెక్కతీయాలి. తల్లిదండ్రుల్ని, స్థానిక వ్యాపారుల్ని, కాలేజీల్ని కూర్చోబెట్టి అడగాలి. ఏ ట్రేడు ఉండాలో దాన్నిబట్టే. నాకు నోరూరింది. మా చెల్లి మాత్రం, "అక్కా, సగం రోజు బస్సులకే పోతుంది, ఏ పిల్లని ఏ గంటకి ఏ వర్క్‌షాప్‌కి చేర్చాలో చూడ్డమే పని. మిగతా సగం మీ ఫారాల్లాంటివే" అంది. అక్కడా ఒకప్పుడు నల్లజాతి పిల్లల్ని, పేద పిల్లల్ని కాలేజీ దారి నుంచి తప్పించి ఈ వైపు తోసేశారని, ఆ మచ్చ ఇంకా పోలేదని కూడా చెప్పింది. మా బాబాయ్ అరుగు మీది మాటే.

కానీ ఒక తేడా ఉంది. బస్సుల సంగతి చూడడం దాని ఉద్యోగంలో భాగం. నేను జీపు మాట్లాడితే అది నా అతి ఉత్సాహం.

టైంటేబుల్

చివరగా ఒక చిన్న గొడవ, ఇది ఇంకా తేలలేదు. మా బడిలో తొమ్మిది, పది తరగతుల్లో ఒకేషనల్ తీసుకుంటే మూడో భాష వదులుకోవాలి. రెండూ ఒకే పీరియడ్. తెలుగు పిల్లలకి ఆ మూడో భాషే తెలుగు. అంటే టూరిజం కావాలనుకున్న పిల్ల, తెలుగు చదవడం రాయడం వదిలేసి, తెలుగు యాత్రికులకి దారి చూపించడం నేర్చుకుంటుంది. మహేంద్రగిరి మీద ఆ ముసలమ్మని కాపాడింది ఏ భాషో నేను కళ్ళారా చూశాను.

పరీక్షలో ఏం మార్చాలన్నా నా చేతిలో లేదు. టైంటేబుల్ వేసేది మాత్రం నేనే. జూన్‌లో ఒకేషనల్ పిల్లలకి వారానికి రెండు పీరియడ్లు తెలుగు పెట్టాను, మార్కుల్లేకుండా. ఎవరూ రారనుకున్నాను, పదకొండు మంది వస్తున్నారు. వెల్డింగ్ కుర్రాళ్ళిద్దరూ ఉన్నారు, ఎస్టిమేట్లు తెలుగులో రాస్తే షాపతనికి చదువుకోవడం సులువట. ఆ రెండు పీరియడ్లూ లైబ్రరీవి. లైబ్రరీ చూసే సారు పదిహేను రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు.